న్యూ ఆర్డర్ ‘సబ్‌స్టెన్స్’: సింగిల్స్ ఆల్బమ్ అనొచ్చా?

కొత్తచెవులు: జాయ్ డివిజన్ బ్యాండ్ రెండు ఆల్బమ్‌లూ వినడం అయిపోయింది. వాళ్ల గాయకుడు ఇయన్ కర్టిస్ చనిపోయాక మిగతావాళ్లు పెట్టిన న్యూ ఆర్డర్ ఇప్పుడు మొదలుపెడదామని. 1987లో వచ్చిన ‘సబ్‌స్టెన్స్’లో సింగిల్స్, అంటే విడిగా వదిలిన పాటలు, అన్నీ ఒకచోట ఉన్నాయట. దాంతో మొదలెట్టొచ్చా, లేక ఆల్బమ్‌లు వరసగా వినాలా?

హాస్టల్‌రూమ్204: సబ్‌స్టెన్సే వినండి. వేరే బ్యాండ్ అయితే ఆల్బమ్‌లే వినమనేవాణ్ని. ఈ మాంచెస్టర్ వాళ్లు మంచి పాటల్ని ఆల్బమ్‌లో పెట్టకుండా విడిగా పన్నెండంగుళాల రికార్డుల మీద సింగిల్స్‌గా వదిలేవాళ్లు. ‘పవర్, కరప్షన్ అండ్ లైస్’, ‘బ్లూ మండే’ రెండూ 1983లోనే వచ్చాయి, కానీ ఇంగ్లండ్‌లో అమ్మిన ఆ ఎల్పీలో (ఆల్బమ్ రికార్డులో) బ్లూ మండే లేదు! టెంప్టేషన్, థీవ్స్ లైక్ అస్, ట్రూ ఫెయిత్ కూడా అప్పటి ఎల్పీల్లో దొరకవు. వాళ్ల రికార్డు కంపెనీ ఫ్యాక్టరీ రికార్డ్స్ నడిపిన టోనీ విల్సన్‌కి తన జాగ్వార్ కారు సీడీ ప్లేయర్‌లో ఈ పాటలన్నీ వినాలనిపించి, అలా ఈ ఆల్బమ్ పుట్టిందంటారు. ఆయన కారు సరదా మనకు కలిసొచ్చింది.

పాతసూది: అన్నీ చెప్పి అసలుది వదిలేశారు. అందులోని టెంప్టేషన్ 1982 సింగిల్ కాదు. కన్ఫ్యూజన్ 1983ది కాదు. రెండూ 1987లో మళ్లీ రికార్డు చేసినవి. సెరిమనీ కూడా మొదటిది కాదు, గిలియన్ గిల్బర్ట్ బ్యాండ్‌లో చేరాక చేసిన రెండోది. సింగిల్స్ ఆల్బమ్ అని చెప్పి సింగిల్ లేకుండా ఇస్తే ఎలాగండీ?

హాస్టల్‌రూమ్204: సెరిమనీ రెండోది కూడా 1981లో సింగిల్‌గా వచ్చిందే. దాన్ని లెక్కలోంచి తీసెయ్యండి. ఇక మిగిలింది ఆల్బమ్‌లోని పన్నెండు పాటల్లో రెండు.

ఉప్పుశనగలు: మళ్లీ మొదలైంది. పోయినసారి ఈ సీడీలో పర్ఫెక్ట్ కిస్ పాట చివర కోసేశారని నాలుగు పేజీలు నడిచింది.

పాతసూది: రెండైతే మాత్రం? 1982 పన్నెండంగుళాల టెంప్టేషన్‌లో మొదట్లో ఒక కేక ఉంటుంది. బ్యాండ్‌లో మిగతావాళ్లు గాయకుడు బెర్నార్డ్ సమ్నర్ చొక్కాలో మంచు వేస్తే పెట్టిన కేక అని చెబుతారు. 1987 దాంట్లో ఆ కేక లేదు. నీటుగా, ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. మన దగ్గరా ఇదే మోసం. చిన్నప్పుడు బస్టాండులో ఘంటసాల పాటల క్యాసెట్ కొన్నాను. ఇంటికొచ్చి పెడితే ఎవరిదో గొంతు. ఘంటసాల ఫొటో మాత్రం అట్ట మీద నవ్వుతూనే ఉంది.

హాస్టల్‌రూమ్204: ఆ పోలిక ఎలా అతుకుతుంది? అక్కడ పాడింది వేరే మనిషి. ఇక్కడ అదే సమ్నర్, అదే హుక్, అదే మోరిస్, అదే గిలియన్. తమ పాటను ఐదేళ్ల తర్వాత ఇంకోలా చేసుకోవడానికి వాళ్లకు మీ పర్మిషన్ కావాలా? 1987 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా ఇర్వైన్ మెడోస్‌లో ఈ ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి వరసగా వాయించారు. 2023 రీఇష్యూలో ఆ కచేరీ ఉంది, వినండి. వాళ్లకు లేని బాధ మీకెందుకు?

బేస్‌పిచ్చి: పీటర్ హుక్ బేస్ గిటార్ ఉంటే నాకు ఏ టెంప్టేషన్ అయినా ఓకే. 2007లో ఆయన వెళ్లిపోయాక నేను వినడమే మానేశా.

పాతసూది: చేసుకోనివ్వండి, నేనొద్దన్నానా? పాతదాని పక్కన పెట్టండి. దాన్ని లేపేసి ఆ కుర్చీలో కొత్తదాన్ని కూర్చోబెట్టి అదే పేరుతో పిలవడమేమిటి? ఎక్కువమంది ఇదే విని ఇదే అసలుదనుకుంటున్నారు. మీలాగే.

హాస్టల్‌రూమ్204: మీలాగే అంటే? ప్రతి థ్రెడ్‌లో ఇదే గోల నీది. ఒరిజినల్ ప్రెస్సింగ్ (మొదట అచ్చయిన రికార్డు) లేనివాడు అసలు వినలేదన్నట్టు మాట్లాడతావు. 2004లో మా సీనియర్ కాపీ చేసిచ్చిన సీడీ నాది, పైన మార్కర్‌తో ‘సబ్’ అని రాసుండేది. నాకు తెలిసిన టెంప్టేషన్ అదే. ఫీజుకే అప్పు తెచ్చిన ఇంట్లో పన్నెండంగుళాల సింగిల్స్ ఎవడు కొనిపెడతాడు? ఇంకెన్నిసార్లు నాది నకిలీ అంటావు?

ఉప్పుశనగలు: గారు పోయింది. మోడరేటర్ ఎక్కడ?

పాతసూది: నకిలీ అనలేదు బాబూ. నా దగ్గరా సింగిల్ ఉండేది కాదు. మా అన్నయ్య లండన్ నుంచి పంపిన టేపులో ఉండేది, కేకతో సహా. 1996 నవంబర్ తుఫానుకు అమలాపురం దగ్గర మా ఇంట్లో నీళ్లు నిలిచిపోయి టేపులన్నీ పాడయ్యాయి. ఉద్యోగం వచ్చాక సబ్‌స్టెన్స్ సీడీ కొన్నది ఆ ఒక్క పాట కోసమే. పెట్టాను. కేక లేదు. పాడైంది ప్లేయరేమో అనుకుని మూడుసార్లు పెట్టాను.

హాస్టల్‌రూమ్204: ఈ ముక్క మొదటే చెప్పొచ్చు కదా.

పాతసూది: చెబితే పన్నెండింటిలో రెండే కదా అనేవాడివి.

హాస్టల్‌రూమ్204: ఇప్పటికీ అంటాను. కానీ 1982ది రాత్రికి వింటా.

కొత్తచెవులు: మీరు కొట్టుకుంటుంటే నేను రెండూ వినేశాను. పాతది పొడవెక్కువ, అంతకు మించి నాకేం తెలియలేదు, సారీ. నాకు ట్రూ ఫెయిత్ సింగిల్ బి-సైడ్ (రెండో వైపు పాట) ‘1963’ బాగా నచ్చింది. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

పాతసూది: దాన్ని 1995లో మార్చి మళ్లీ సింగిల్‌గా వదిలారు. వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడికొస్తాను.