ఇన్‌ఫాంటీనో గీసిన ‘స్ట్రేంజ్ స్పోర్ట్స్ స్టోరీస్’: ఆటల కామిక్సా, ఆట వేషం వేసిన సైన్స్ ఫిక్షనా?

పాతపేజీ:
పాత అమెరికన్ కామిక్స్ చదివేవాళ్లకి బొమ్మలేసే కార్మైన్ ఇన్‌ఫాంటీనో అంటే ఫ్లాష్, మెరుపులా పరిగెత్తే సూపర్ హీరో. 1956లో ఎర్ర డ్రెస్సు, పసుపు మెరుపుతో కొత్త ఫ్లాష్‌కి రూపం ఇచ్చింది ఆయనే. 1964లో బాట్‌మన్ అమ్మకాలు పడిపోతే దాన్ని లేపే పని కూడా ఆయన చేతికే వచ్చింది. ఈ రెండింటి మధ్య ఆయన ఆటల మీద ‘స్ట్రేంజ్ స్పోర్ట్స్ స్టోరీస్’ అని ఒక వరస గీశాడు. దాని ఊసు ఎవరూ ఎత్తరు.

బాట్‌మన్ కామిక్స్ వేసే డీసీ కంపెనీ వాళ్ల ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ పుస్తకంలో 45 నుంచి 49 దాకా, ఐదు సంచికలు. 1963లో చాలా భాగం అదే. ఎడిటర్ జూలియస్ ష్వార్ట్జ్, కథలు ఎక్కువగా గార్డ్‌నర్ ఫాక్స్, పెన్సిల్‌తో బొమ్మ గీసింది ఇన్‌ఫాంటీనో, దాని మీద ఇంకు దిద్దింది జో జియెల్లా. పేర్లు చూస్తే నోరూరుతుంది. చదివితే?

నా వాదన సూటిగా చెబుతా. ఇది ఆటల కామిక్స్ కాదు. గ్రహాంతరవాసులు, కాలంలోంచి దూసుకుపోయే రేసు కారు, తలల్లేని బేస్‌బాల్ జట్టు, గొరిల్లాల జట్టు. బేస్‌బాల్ తీసేసి అక్కడ చదరంగం పెట్టినా కథ అలాగే నడుస్తుంది. హీరో గెలిచేది సాధన వల్ల కాదు, ఆఖరి పేజీలో దొరికే సైన్సు చిట్కా వల్ల. ఆటంటే ప్రాణం పెట్టేవాడికి ఇందులో ఏముంది? కాదనేవాళ్లు చెప్పండి, వింటాను.

నల్లకుంట నాని:
మాస్టారూ, ‘సై’ చూశారు కదా? అందులో రగ్బీ బదులు కబడ్డీ పెడితే కథ ఆగిపోతుందా? కాలేజీ స్థలం దక్కుతుందా పోతుందా అన్నదే అక్కడ కథ. ‘లగాన్’లో ఓడిపోతే మూడింతలు పన్ను. రెండింటినీ మనం స్పోర్ట్స్ సినిమాలనే అంటాం. పందెం పెద్దదైతే ఆట పెద్దదవుతుంది, అంతే. గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లొచ్చి రెండేళ్లు కాలేదు, అమెరికాలో పిల్లలందరికీ రాకెట్ల పిచ్చి. అలాంటప్పుడు పందెంలో భూగోళాన్నే పెట్టారు. ఇందులో తప్పేముంది?

పాతపేజీ:
నాని గారూ, మంచి ఉదాహరణలు ఇచ్చారు, కానీ అవి నా వైపే మాట్లాడుతున్నాయి. ‘లగాన్’లో కచ్రా చెయ్యి వంకర. ఆ వంకర వల్లే బంతి తిరుగుతుంది. ఆ మలుపు క్రికెట్ లోపలి నుంచి పుట్టింది. ‘సై’లో కోచ్ వచ్చి ఆట నేర్పే భాగం ఉంది, దెబ్బలు తినడం ఉంది. ఫాక్స్ కథల్లో మలుపు బయటి నుంచి ఊడిపడుతుంది. పందెం ఎంతైనా పెట్టండి, గెలుపు మాత్రం ఆటలోంచి రావాలి.

నీడబొమ్మ:
మీరిద్దరూ కథ పట్టుకునే కొట్టుకుంటున్నారు. ఇన్‌ఫాంటీనో వీటిని రాయలేదు, గీశాడు. ఆట ఉందో లేదో బొమ్మల్లో వెతకండి.

నేను బొమ్మలేసుకుని బతికేవాణ్ణి కాబట్టి కొంచెం సాగదీస్తా, ఓపిక పట్టండి. కాగితం మీద ఆటతో వచ్చే మొదటి చిక్కు, బొమ్మ కదలదు. బంతి విసిరేవాణ్ణి ఏ క్షణంలో ఆపాలి? చెయ్యి వెనక్కి లాగినప్పుడా, బంతి వదిలాకా? సరిగ్గా వదిలే క్షణంలో గీస్తే మనిషి కొండపల్లి బొమ్మలా నిలబడిపోతాడు. ఇన్‌ఫాంటీనో ఆ క్షణానికి కాస్త ముందో, కాస్త తర్వాతో పట్టుకుంటాడు. ఒళ్లు ఒకపక్కకి ఒరిగి, బరువంతా ఒంటికాలి మీద ఉండి, ఇంకో అరక్షణం ఆగితే పడిపోతాడేమో అనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఫ్లాష్‌ని పరిగెత్తించిన చెయ్యి అది. ఫ్రేముని అడ్డంగా సాగదీస్తాడు, దిగంతాన్ని బాగా కిందికి దించుతాడు, మనుషుల్ని సన్నగా పొడుగ్గా గీస్తాడు. దాంతో మైదానం ఎంత పెద్దదో, అందులో ఆటగాడు ఎంత ఒంటరో మాటల్లేకుండానే తెలుస్తుంది.

ఇక ఈ వరసలో ఆయన చూపించిన అసలు పనితనం నీడబొమ్మలు. మామూలుగా కామిక్స్‌లో ‘ఇంతలో…’ లాంటి మాటలు ఫ్రేము పైభాగాన ఒక డబ్బాలో ఉంటాయి. కన్ను అక్కడ ఆగి, చదివి, కిందికి దిగి బొమ్మ చూస్తుంది. ప్రతిసారీ వేగం తగ్గుతుంది. ఇందులో ఆ మాటల్ని విడిగా కూర్చోబెట్టి, వాటి పక్కన ఆటగాళ్ల నల్లటి నీడబొమ్మలు పెట్టాడు. పరిగెత్తేవాడు, దూకేవాడు, విసిరేవాడు. మాటలు చదువుతున్నంతసేపూ పక్కన ఆట నడుస్తూనే ఉంటుంది. రేడియో కామెంటరీ వినేటప్పుడు మనకి మనసులో కనిపించేది సరిగ్గా ఇదే కదా.

నీడబొమ్మకి మొహం ఉండదు, జెర్సీ రంగు ఉండదు. మిగిలేది ఒంటి వంపు ఒక్కటే. ఆటని ఇంతకంటే చిక్కగా ఎలా చూపిస్తారో పాతపేజీ గారే చెప్పాలి.

సికింద్రాబాద్ స్పిన్నర్:
ఒంటి వంపే లెక్కయితే కూచిపూడి నేర్పే పుస్తకం కూడా స్పోర్ట్స్ కామిక్సే అవ్వాలి బ్రదర్ 😀

నీడబొమ్మ:
కూచిపూడిలో ఎదుటి జట్టు ఉండదు స్పిన్నరూ.

మాంగా శీను:
అసలు గొడవ గ్రహాంతరవాసులది కాదు, పేజీలది. అప్పటి పుస్తకం 12 సెంట్లు, అట్ట కాక 32 పేజీలు. అందులో ప్రకటనలు పోను మిగిలిన జాగాలోనే కథలు సర్దాలి. ఇంత ఇరుకులో హీరో ఎవరో చెప్పాలి, ఆట ఏంటో చెప్పాలి, మ్యాచ్ ఆడించాలి, గెలిపించాలి. సాధన చూపించే చోటెక్కడిది? అందుకే చిట్కా.

జపాన్ వాళ్లు వారం వారం వచ్చే పత్రికల్లో ఏళ్ల తరబడి ఒకే కథ సాగదీసే పద్ధతి పెట్టుకున్నారు. బాస్కెట్‌బాల్ కథ ‘స్లామ్ డంక్’ 1990 నుంచి 1996 దాకా నడిచి 31 సంపుటాలైంది. దాని ఆఖరి మ్యాచ్ ఒక్కటే సంపుటాలకి సంపుటాలు సాగుతుంది. ఒక్క ఫ్రీ త్రో చుట్టూ పేజీలు ఖర్చుపెట్టే స్తోమత వాళ్లకుంది. ఆ స్తోమతే ఉంటే ఇన్‌ఫాంటీనో ఏం చేసేవాడో!

పాతపేజీ:
శీను, పేజీలు తక్కువైతే చిన్న విషయం తీసుకోవచ్చు. ఒక్క ఓవర్, ఒక్క రౌండు. భూగోళాన్ని పందెం పెట్టమని పేజీలు చెప్పలేదుగా?

కడప పెద్దాయన:
కుర్రాళ్లూ, దీనికి ముందు ఏం జరిగిందో చూడకుండా వాదిస్తే ఎటూ తేలదు. ‘నిజమైన’ ఆటల కామిక్స్ అప్పటికే వచ్చి పోయాయి. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ 1948 ఆగస్టులో చనిపోయాడు. మరుసటి ఏడాదే హార్వే కంపెనీ ఆయన పేరుతో ‘బేబ్ రూత్ స్పోర్ట్స్ కామిక్స్’ తెచ్చింది. 11 సంచికలు, 1951లో సరి. జాకీ రాబిన్సన్ 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగాడు. నల్లజాతివాళ్లని బేస్‌బాల్ పెద్ద పోటీలైన మేజర్ లీగ్స్‌లోకి రానివ్వని కాలం ఆ రోజుతో ముగిసింది. అంత పెద్ద కథతో ఫాసెట్ కంపెనీ వాళ్లు వేసిన పుస్తకం కూడా 6 సంచికలే. ఇంకా లారీ డోబీ, రాయ్ కాంపనెల్లా లాంటి బేస్‌బాల్ ఆటగాళ్ల మీద ఒక్కో పుస్తకం వేసి చేతులు దులుపుకున్నారు.

ఇవి ఎందుకు నిలబడలేదంటే నా లెక్క ఇది. ఆట చూసేవాణ్ణి కుర్చీ అంచున కూర్చోబెట్టేది ఫలితం తెలియకపోవడం. నిజంగా జరిగిన మ్యాచ్‌ని బొమ్మల్లో పెడితే ఫలితం చదివేవాడికి ముందే తెలుసు, పేపర్లో వచ్చేసింది. కల్పిత జట్టు పెడితే మనవాడే గెలుస్తాడని తెలుసు. ష్వార్ట్జ్ ఈ చిక్కు గమనించాడో లేదో గానీ, విరుగుడు మాత్రం పనికొచ్చేదే దొరికింది. ఎవరు గెలుస్తారు అన్న ప్రశ్న పక్కన పెట్టి, అసలు ఇక్కడ ఏం జరుగుతోంది అన్న ప్రశ్న పెట్టాడు. తల లేని పిచ్చర్ బంతి వేస్తుంటే స్కోరు ఎవడు చూస్తాడు?

పాతపేజీ:
పెద్దాయన గారూ, మీ చివరి వాక్యమే నా కేసు. స్కోరు ఎవడూ చూడకపోతే అది ఆటల కామిక్స్ ఎలా అవుతుంది?

నల్లకుంట నాని:
😂😂 దొరికిపోయారు పెద్దాయన గారు.

కడప పెద్దాయన:
దొరకలేదు నాయనా. స్కోరు చూడనంత మాత్రాన ఆట చూడనట్టేనా? గల్లీ క్రికెట్లో స్కోరు ఎవరికి గుర్తుంటుంది?

ఇంకో సంగతి. ష్వార్ట్జ్ దగ్గర పని తలకిందులుగా నడిచేది. చాలాసార్లు ముందు అట్ట బొమ్మ గీయించేవాడు, తర్వాత రచయితతో కూర్చుని దానికి కథ అల్లేవాడు. 1951లో ‘స్ట్రేంజ్ అడ్వెంచర్స్’ అట్ట మీద గొరిల్లా బొమ్మ వేస్తే అమ్మకాలు పెరిగాయి. అప్పట్నుంచి డీసీలో ప్రతి ఎడిటరూ నాకో గొరిల్లా అంటే నాకో గొరిల్లా అనేవాడు. చివరికి నెలకి ఇన్నే అని రేషన్ పెట్టాల్సి వచ్చింది. కాబట్టి గొరిల్లాల బేస్‌బాల్ జట్టు ఫాక్స్ కల్లోకి వచ్చి పుట్టింది కాదు. అది అమ్మకాల లెక్క.

పాతపేజీ:
మరీ మంచిది. అంటే ఇది ఆట మీద ప్రేమతో చేసింది కాదు, బండి లాగడానికి చేసింది. ఫాక్స్ జీవితంలో రాసిన కామిక్ కథలు 4,000 పైనే అని అంచనా. ఇన్‌ఫాంటీనో 1963లో ఫ్లాష్ గీస్తున్నాడు, ‘మిస్టరీ ఇన్ స్పేస్’లో ఆడమ్ స్ట్రేంజ్ గీస్తున్నాడు, వాటి పైన ఇది. ఇంత పని మీద వేసుకున్నవాడు ఒక్కో ఆట గురించి ఎంత ఆలోచిస్తాడు చెప్పండి?

నీడబొమ్మ:
ఈ మాటకి మాత్రం నాకు ఒళ్లు మండింది. ఎక్కువ గీసేవాడు ఆలోచించకుండా గీస్తాడని ఎవరన్నారు? బాపు గారు ఎన్ని వేల బొమ్మలు వేశారో లెక్క పెట్టండి, తర్వాత అందులో ఆలోచన లేని గీత ఒకటి చూపించండి. డెడ్‌లైన్ తల మీదున్నప్పుడు చెయ్యి కొత్త దారులు వెతుకుతుంది. ఆ నీడబొమ్మలు కూడా అలా పుట్టినవే అని నా నమ్మకం. గీయడానికి తక్కువ టైము, చూడ్డానికి ఎక్కువ బలం. పనిలో ఉన్నవాడికి ఇంతకంటే మంచి బేరం దొరకదు.

డల్లాస్ బావ:
టాపిక్‌కి కొంచెం పక్కగా. ‘ఫ్లాష్’ టీవీ సిరీస్ చూసినవాళ్లకి ఇన్‌ఫాంటీనో స్ట్రీట్ గుర్తుందా? ఫ్లాష్ ప్రేయసి ఐరిస్ చనిపోయేది అక్కడేనని ముందే తెలిసే ఆ వీధి. 2017లో ఒక ఎపిసోడ్‌కి పేరే అది. ఈయన పేరు మీదే.

ఇంకోటి, 1976లో ఈ శీర్షిక కిందే ‘డీసీ సూపర్ స్టార్స్’ 10వ సంచికలో సూపర్ హీరోలకీ విలన్లకీ బేస్‌బాల్ మ్యాచ్ పెట్టారు. సూపర్‌మన్, బాట్‌మన్ ఒక జట్టు, జోకర్, లెక్స్ లూథర్ ఇంకో జట్టు. గీసింది డిక్ డిల్లిన్. అందులో మాత్రం ఇన్నింగ్స్ ఇన్నింగ్స్‌కీ ఆట నడుస్తుంది, స్కోరు కూడా ఉంటుంది. పాతపేజీ గారూ, ఇది మీ పరీక్ష పాసవుతుందేమో చూడండి.

పాతపేజీ:
పాసే. ఆడేవాళ్లంతా సూపర్ హీరోలూ విలన్లే. వింత అక్కడ ఆట లోపలే ఉంది. నేను మొదట్నుంచీ అడుగుతున్నది ఇదే కదా బావా.

సరే, మార్కెట్ సంగతి కూడా తేల్చేద్దాం. ఆ రోజుల్లో ‘బ్రేవ్ అండ్ బోల్డ్’ కొత్త ఆలోచనల్ని పరీక్షించే పుస్తకం. సూపర్ హీరోల జట్టు జస్టిస్ లీగ్ 1960లో 28వ సంచికలో మొదలైంది, మూడే సంచికలు, వెంటనే సొంత పుస్తకం. రెక్కల హీరో హాక్‌మన్‌కి మూడు, మళ్లీ మూడు సంచికలు ఇచ్చారు, 1964కి వాడూ సొంత ఇల్లు కట్టుకున్నాడు. దీనికి వరసగా ఐదు ఇచ్చారు. ఐదు! అయినా సొంత పుస్తకం రాలేదు. 50వ సంచిక నుంచి హీరోల జోడీల మీదకి వెళ్లిపోయారు. ఆటలంటే ఇష్టమున్న పిల్లలు ఇందులో ఆట కనపడక పోయారు, సైన్స్ ఫిక్షన్ పిల్లలు బేస్‌బాల్ చూసి పోయారు.

మాంగా శీను:
1973లో మళ్లీ వచ్చింది కదా, సొంత పుస్తకంగానే?

పాతపేజీ:
వచ్చింది. అప్పటికి డీసీలో పబ్లిషర్ కుర్చీలో ఉన్నది ఇన్‌ఫాంటీనోనే! 6 సంచికలు, 1974లో ఆపేశారు. 2015లో డీసీ వాళ్లదే ఇంకో ముద్ర వెర్టిగో అదే పేరుతో 4 సంచికలు వేసింది, అవీ అంతే.

నీడబొమ్మ:
1973లో గీసింది ఎవరో కూడా చెప్పండి. కర్ట్ స్వాన్, ఇర్వ్ నోవిక్, డిక్ జోర్డానో. చెయ్యి తిరిగినవాళ్లే, కాదనను. అదే పేరు, అవే వింతలు. కానీ ఆ పుస్తకం ఇవాళ ఎవరూ తలుచుకోరు. 1963వి ఇంకా తలుచుకుంటున్నాం, ఇదిగో ఇక్కడ ఇంత వాదించుకుంటున్నాం. 1973లో లేనిది ఏంటి? ఇన్‌ఫాంటీనో పెన్సిల్. కథలు బలహీనం అంటే ఒప్పుకుంటా. కానీ ఆ పేజీల్లో ఆట లేదంటే ఒప్పుకోను, ఎందుకంటే అక్కడ కదిలేది ఆటే.

నల్లకుంట నాని:
ఓటింగ్ పెట్టేద్దామా?

కడప పెద్దాయన:
ఓటింగులో గొరిల్లాలే గెలుస్తాయి నాని.

నీడబొమ్మ:
ఓటింగ్ వద్దు గానీ, ఒక పని చేస్తా. కబడ్డీలో ఒక్క రెయిడ్, 30 సెకన్లు. మాటలు తక్కువ, మొత్తం నీడబొమ్మల్లోనే, రెండు పేజీల్లో గీసి ఇక్కడే పెడతా. కూత పట్టిన దగ్గర్నుంచి మధ్యగీత ముట్టుకునేదాకా. అందులో ఆట కనిపిస్తుందో లేదో పాతపేజీ గారు చూసి చెప్పాలి.

పాతపేజీ:
గీయండి. రెండో పేజీ ఆఖరి ఫ్రేము దాకా వాడు పట్టుబడ్డాడో తప్పించుకున్నాడో నాకు తెలియకూడదు. అదొక్కటే షరతు.