అప్‌డేట్: ఆ రెండో పీక్ శాంపిల్ లోపం కాదు
పోయిన నెల నేను అడిగిన ప్రశ్న ఇది: ఒకే పొర మాలిబ్డినం డైసెలినైడ్ (చాలా పలచని సెమీకండక్టర్) కాంతి స్పెక్ట్రంలో ఎక్సిటాన్ (ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ అయిన హోల్, ఈ రెండూ కట్టిన జత) పీక్‌కి సుమారు 30 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల కింద ఇంకో పీక్ వస్తోంది, శాంపిల్ పాడైందా? "గేట్ వోల్టేజ్ (పొరలో ఎలక్ట్రాన్ల సంఖ్యను పెంచే, తగ్గించే వోల్టేజ్) మార్చి చూడండి" అన్నవాళ్లందరికీ చాలా థ్యాంక్స్. గచ్చిబౌలిలోని మా ల్యాబ్‌లో శాంపిల్‌ని ద్రవ నైట్రోజన్‌తో 77 కెల్విన్‌కి చల్లబరిచి అదే చేశాను.

అది ట్రయానే. ఎక్సిటాన్‌కి ఇంకో ఎలక్ట్రాన్ అంటుకుంటే వచ్చేది. గేట్‌తో అదనపు ఎలక్ట్రాన్లను తీసేస్తే కింది పీక్ దాదాపు మాయమైంది. మళ్లీ నింపితే పెరిగింది. గది ఉష్ణోగ్రతలో వేడి శక్తే 26 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఉంటుంది కాబట్టి అప్పుడు రెండూ కలిసిపోయి కనిపించాయి. ఆ టెన్షన్ తీరింది.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. ఎలక్ట్రాన్లు పెరిగేకొద్దీ పై పీక్ బలహీనపడుతూ ఎక్కువ శక్తి వైపు జరిగింది. ఒక ఎక్సిటాన్, ఒక ఎలక్ట్రాన్ అనే లెక్కతో ఇది సరిగ్గా అర్థం కాదు. ఎక్సిటాన్ చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల సముద్రం మొత్తం దానికి స్పందిస్తుంది అనుకుంటే కుదురుతుంది: అలా చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల స్పందనతో కలిసిన ఎక్సిటాన్‌ని పోలరాన్ అంటారు. కింది పీక్ ఆకర్షక పోలరాన్, పైది వికర్షక పోలరాన్. 2017 నుంచి ఈ పొరల విషయంలో ఈ వివరణ బాగా వాడుకలోకి వచ్చింది. నాకైతే ఇదే నిజానికి దగ్గరగా అనిపిస్తోంది. వచ్చే వారం పొరకి రెండు వైపులా బోరాన్ నైట్రైడ్ (కరెంటు పారనివ్వని పలచని పదార్థం) పెట్టి మళ్లీ కొలుస్తాను, పీక్‌లు ఇంకా సన్నబడాలి.