చీటీలాయన పొలం బామ్మర్ది పేరు మీదికి వెళ్ళింది. ఆస్తులు వెతికి పట్టుకోవడం ఎలా?

ట్రంకురోడ్డు కావలి
రిజిస్టరు కాని చీటీ. 5 లక్షలది, 25 మంది, నెలకు 20 వేలు. 17 పాటలయ్యాక ఇంటికి తాళం. ఇంకా పాడుకోని వాళ్ళు ఎనిమిది మంది. ముగ్గురి దగ్గర ప్రోనోట్లున్నాయి, మిగతావాళ్ళకి చీటీ పుస్తకం, ఫోన్‌పే లెక్కలే దిక్కు. కావలిలో ఇల్లు భార్య పేరుకి, కొండాపురం వైపు పొలం బామ్మర్ది పేరుకి మార్చాడని వినికిడి. ఇంకేమున్నాయో తెలీదు. లాయరు నోటీసు ఇవ్వమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

దస్తావేజు రైటరు
నోటీసు ఇంకా ఇవ్వకపోతే ఆగండి, ముందు వెతకండి. నోటీసు చేతికందిన మర్నాటి నుంచి మిగిలినవీ చేతులు మారతాయి.

అందరూ ఈసీకి (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) పరిగెత్తుతారు. ఈసీ కావాలంటే సర్వే నంబరో, ఇంటి నంబరో, దస్తావేజు నంబరో ఉండాలి. మీకు తెలిసింది మనిషి పేరు మాత్రమే. పేరుతో వెతికేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్స్ 1. రాసిచ్చినవాళ్ళు, రాయించుకున్నవాళ్ళు ఇద్దరి పేర్లూ అందులో ఎక్కుతాయి. ఇండెక్స్ 2 ఆస్తుల వారీది. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఒకటో పుస్తకాన్నీ (స్థిరాస్తి దస్తావేజులది) దాని ఇండెక్సులనీ ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. "మూడో మనిషికి చూపించం" అని కౌంటర్లో అంటే ఆ సెక్షన్ వేసి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. వీలునామాల మూడో పుస్తకం, జీపీఏలు (పవర్ ఆఫ్ అటార్నీలు) ఉండే నాలుగో పుస్తకం మాత్రం అందరికీ తెరవరు.

ఆయన పేరొక్కటే కాదు. భార్య, పిల్లలు, తమ్ముళ్ళు, బామ్మర్ది, వియ్యంకుడు, అందరి పేర్లతోనూ వెతకాలి. చీటీ మొదలైన దానికి ఏడాది ముందు నుంచి ఇవ్వాళ్టి దాకా. కావలి ఒక్కటే చాలదు, వింజమూరు, ఉదయగిరి, కందుకూరు కూడా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది గానీ అంతకు ముందు కాయితాల మీద ప్రకాశం జిల్లా అనే ఉంటుంది.

ఎక్కువ మంది దెబ్బ తినేది స్పెల్లింగు దగ్గర. పేర్లు చాలావరకు ఇంగ్లీషులో ఎక్కించారు. వెంకటేశ్వర్లు అన్న పేరునే నాలుగు రకాలుగా కొట్టి ఉంటారు. ఇంటిపేరు ముందొకసారి, వెనకొకసారి, ఒట్టి పొడి అక్షరంగా ఒకసారి వేసి చూడండి. ఒక్కసారి వెతికి "ఏమీ లేవంట" అని వచ్చేస్తే లాభం లేదు.

మెట్ట పొలం
మీభూమి సైట్లో పట్టాదారు పేరుతో 1బి (ఆ పేరు మీదున్న భూముల రికార్డు) వస్తుంది, కాకపోతే ఊరు ఊరుకీ విడిగా చూడాలి. 1బిలో పాత పేరే ఉందని సంబరపడకండి. రిజిస్ట్రేషన్ అయిపోయి మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) కాక ఆగి ఉండొచ్చు. 1బిలో సర్వే నంబరు పట్టుకుని ఈసీ తీస్తేనే అసలు కత తెలుస్తుంది.

ఈ-కోర్ట్స్‌లో (కోర్టు కేసులు చూసే సైటు) కూడా పార్టీ పేరుతో, ఏడాది వేసి కావలి, కందుకూరు, నెల్లూరు కోర్టులు చూడండి. ఆయన మీద వేరేవాళ్ళు ముందే దావా వేసి ఉంటే వాళ్ళ ప్లెయింట్ (దావా అర్జీ) షెడ్యూల్లో ఆస్తుల జాబితా తయారుగా దొరకొచ్చు. వెతుకులాట సగం తగ్గుతుంది.

దస్తావేజు రైటరు
బాగా గుర్తుచేశారు. బదిలీ దస్తావేజు దొరికితే సర్టిఫైడ్ నకలు తీసుకుని నాలుగు చోట్ల చూడండి. ఒకటి, స్టాంపు కాయితం వెనక అమ్మిన తేదీ, ఎవరి పేరున కొన్నారన్నది. రెండు, రాసిన తేదీ, ఆఫీసులో దాఖలు చేసిన తేదీ. దాఖలుకి నాలుగు నెలల గడువుంది కాబట్టి పాత తేదీ వేసి తర్వాత తెచ్చేవాళ్ళుంటారు. రాసిన తేదీ కన్నా స్టాంపు కొన్న తేదీ తర్వాతదైతే దొరికిపోయినట్టే. మూడు, ప్రతిఫలం (ఆస్తికిచ్చిన సొమ్ము): "ఇంతకు పూర్వమే నగదుగా ముట్టినది" అని ఒక్క వాక్యంతో సరిపెట్టారా, చెక్కు నంబరుందా. నాలుగు, సాక్షులు. ఇద్దరూ ఇంట్లోవాళ్ళే అయితే రాసిపెట్టుకోండి.

ట్రంకురోడ్డు కావలి
ఐపీ (దివాలా పిటిషన్) పెడతాడని ఊరంతా అంటున్నారు. పెడితే ఇక మనకేం రాదా?

ఒంగోలు సివిల్
ఐపీ అనగానే డబ్బుకి నీళ్ళొదులుకోవడం మన వైపు అలవాటు. చట్టం చదివితే సంగతి వేరు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం 53వ సెక్షన్: ఐపీ పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్ళ లోపు సరైన ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీని, అతన్ని దివాలాదారుగా ప్రకటించాక, కోర్టు కొట్టేయొచ్చు. బామ్మర్దికి రాసింది గిఫ్టు డీడైతే సరిగ్గా ఇందులోకే వస్తుంది. ఒకే అప్పులవాడికి మొగ్గు చూపి ముట్టచెప్పింది మూడు నెలల లోపుదైతే 54వ సెక్షన్ ఉంది. మోసంతో చేసిన అప్పు, డిశ్చార్జి (అప్పుల నుంచి విడుదల) వచ్చినా పోదు, 44వ సెక్షన్.

ఇంకో మాట. ఐపీ ఆయనే పెట్టాలని లేదు, అప్పులవాళ్ళకి ఎగ్గొట్టడానికి ఆస్తి బదిలీ చేయడమే దివాలా చర్య కాబట్టి ఆ బదిలీ మూడు నెలల లోపుదైతే మీరే సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో పెట్టొచ్చు. అందుకే తేదీలు ముందు తీయమనేది. మూడు నెలలు దాటిందా, ఆ బదిలీ చూపించి మీరు పెట్టే దారి మూసుకుపోతుంది.

ఒంగోలు సివిల్
ఐపీ దాకా పోకుండా చేసేది మనీ సూటు (డబ్బు వసూలు దావా), దానితోపాటు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పుకు ముందే ఆస్తి జప్తు, అంటే అటాచ్‌మెంట్. ఈ పిటిషన్లు ఎక్కువగా పోయేది అఫిడవిట్ దగ్గరే. "ప్రతివాది ఆస్తులు అమ్మేసే ప్రయత్నంలో ఉన్నాడని తెలిసింది" అని రాస్తే డిస్మిస్. ఏ ఆస్తి, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు), అంచనా విలువ, ఎవరికి ఎప్పుడు బేరం పెట్టాడు, ఎవరు చూశారు అన్నీ ఉండాలి. హామీ లేని అప్పుని హామీ ఉన్న అప్పుగా మార్చుకోడానికి ఈ రూల్ వాడొద్దని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది, జడ్జీలు అదే చూస్తారు.

ఆర్డరు వచ్చాక ఇంటికెళ్ళి పడుకోవద్దు. కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి, కొన్నాళ్ళకి ఈసీ తీసి ఎక్కిందో లేదో చూడండి.

ఇప్పటికే మారిపోయిన పొలాన్ని ఇలా అటాచ్ చేయించలేరు. దానికి ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ (అప్పులవాళ్ళకి ఎగ్గొట్టే బదిలీల రద్దు) కింద, అప్పులవాళ్ళందరి తరఫునా దావా వేయాలి. డిక్రీ చేతిలో ఉంటే ఇంకో దారి: ఈపీలో (డిక్రీ అమలు పిటిషన్) ఆ పొలం అటాచ్ చేయించండి, బామ్మర్ది అది తనదంటూ క్లెయిమ్ పిటిషన్ వేస్తాడు, అక్కడ అదే సెక్షన్ ఎదురు వాదనగా పెట్టొచ్చని 1963లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటి మీద ఒక జాగ్రత్త. ఆయన రైతునని నిరూపించుకుంటే తాను కాపురముండే ఇల్లు సీపీసీ 60వ సెక్షన్ కింద అటాచ్‌మెంట్‌కి చిక్కదు. చీటీల మీదే బతికాడని చూపించే కాయితాలు దాచుకోండి.

ట్రంకురోడ్డు కావలి
ఎనిమిది మందిలో ఒక్కరే ముందు అటాచ్ చేయించుకుంటే మిగతావాళ్ళ గతేంది?

ఒంగోలు సివిల్
ఐపీ పిటిషన్ అడ్మిట్ అయ్యేలోపు వేలం అయిపోయి డబ్బు వస్తే అది అటాచ్ చేయించుకున్నవాళ్ళదే. అటాచ్‌మెంట్ మాత్రమే ఉండి డబ్బు రాకపోతే ఆస్తి రిసీవరు (కోర్టు నియమించే అధికారి) చేతికి పోతుంది, అందరూ ఒకే వరసలో. కాబట్టి లోపల్లోపల పోటీ పడటం దండగ.

స్టేషన్ రైటర్ రిటైర్డ్
పోలీసు కేసు డబ్బు తెచ్చిపెట్టదు అని కొట్టిపారేయకండి. 2024 జులై 1 నుంచి మోసానికి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318(4), నమ్మకద్రోహానికి 316, అంతకు ముందు జరిగినదానికి పాత ఐపీసీ 420, 406. బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 107 కింద దర్యాప్తు అధికారి ఎస్పీ అనుమతితో కోర్టుని అడిగితే నేరపు సొమ్ముతో కొన్న ఆస్తి అటాచ్ అవుతుంది. కోర్టు ఆదేశిస్తే కలెక్టరు దాన్ని 60 రోజుల్లో బాధితులకి దామాషాలో పంచాలి. అయితే సొమ్ము ఫలానా ఆస్తిలోకే వెళ్ళిందని మీ ఫిర్యాదులో అతుకు కనిపించాలి. పాట డబ్బు పడిన తేదీ, యూపీఐ యూటీఆర్ (లావాదేవీ) నంబరు, రిజిస్ట్రేషన్ తేదీ పక్కపక్కన టేబుల్ వేసి ఇవ్వండి. బ్యాంకు స్టేట్‌మెంటు అవతలివాడిది మీకెవరూ ఇవ్వరు, దాన్ని పోలీసులో కోర్టో తెప్పించాలి. వాట్సాప్ మెసేజీలకి సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ రెండు భాగాలూ కావాలి, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంఖ్య) సహా.

స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు, తర్వాత అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు.

బినామీ అని ఇన్‌కం టాక్సుకి రాయమని ఎవరైనా చెప్తే వినకండి. అక్కడ జప్తయిన ఆస్తి కేంద్రానికి పోతుంది, మీకు కాదు.

మెట్ట పొలం
ప్రోనోట్ల తేదీలు చూసుకోండి. మూడేళ్ళు. మధ్యలో కొంత ముట్టినట్టు ఆయన సంతకంతో వెనక రాసుంటే అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. ఎనిమిది మందిలో ఆడవాళ్ళుంటే ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, 15100కి ఫోన్ చేసి అడగొచ్చు.

ట్రంకురోడ్డు కావలి
ఇండెక్స్ దరఖాస్తులో ఏం రాయాలో కాస్త చెప్పండి అన్నా. సోమవారం పోతున్నాం.

దస్తావేజు రైటరు
తెల్ల కాయితం మీద ఇంతే: "రిజిస్ట్రేషన్ చట్టం 1908, సెక్షన్ 57(1) ప్రకారం, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఈ కింది పేర్లు రాసిచ్చినవారిగా గానీ రాయించుకున్నవారిగా గానీ ఉన్న దస్తావేజుల కోసం ఇండెక్స్ 1 పరిశీలనకు అనుమతించగలరు." కింద పేర్లు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు. ప్రతి పేరుకీ ఇంగ్లీషు స్పెల్లింగులన్నీ వరసగా. ఫీజు రసీదు నంబరు మీ కాపీ మీద వేయించుకోండి. సోమవారం రిజిస్ట్రేషన్ల రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళండి.