ఫర్నేస్ మార్చిన తర్వాత వాటర్ హీటర్ ఒక్కటే పాత చిమ్నీకి మిగిలింది: ఇలా వాడుకోవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఇంటి బేస్‌మెంట్‌లో ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్, గ్యాస్ వాటర్ హీటర్ పక్కపక్కనే ఉన్నాయి. ఇంతకు ముందు ఉన్న ఫర్నేస్ 1,00,000 బీటీయూలది (గంటకు పుట్టే వేడికి కొలత ఇది). దాని పొగ, వాటర్ హీటర్ పొగ కలిసి బయటి గోడను ఆనుకుని కట్టిన ఇటుక చిమ్నీలోకి వెళ్లేవి. రెండేళ్ల కిందట దాన్ని తీసేసి, 90 శాతానికి పైగా సామర్థ్యం ఉన్న కొత్త ఫర్నేస్ పెట్టించాము. దీనికి చిమ్నీతో పని లేదు. రెండు తెల్లటి ప్లాస్టిక్ పైపులు పక్క గోడలోంచి నేరుగా బయటికి వెళ్తాయి, ఒకటి గాలి తీసుకోవడానికి, మరొకటి పొగ వదలడానికి. వాటర్ హీటర్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. 40,000 బీటీయూల ఆ హీటర్ 3 అంగుళాల పైపుతో ఇప్పటికీ ఆ చిమ్నీలోకే పొగ వదులుతోంది.

ఈ చలికాలంలో కొన్ని మార్పులు నా కంట పడ్డాయి. వాటర్ హీటర్ పైభాగంలో వేడినీటి పైపు చుట్టూ ఉండే ప్లాస్టిక్ కడియం ఒక పక్క కరిగి, మైనం జారినట్టు జారి గట్టిపడింది. చిమ్నీ అడుగు భాగంలో ఇటుకల మీద తెల్లటి పొడి పేరుకుంటోంది, గోటితో గీస్తే రాలిపోతోంది. ఉదయం పూట బేస్‌మెంట్ కిటికీ అద్దం లోపలివైపు తడిసి ఉంటోంది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం మాత్రం ఒక్కసారి కూడా మోగలేదు. ఇంకొక విషయం కూడా చెప్పాలి: చప్పుడు వినబడకుండా ఉండాలని పోయిన ఏడాది ఈ రెండింటి చుట్టూ గోడ కట్టించి, 10 అడుగులు, 12 అడుగుల చిన్న గదిగా చేసి తలుపు పెట్టించాము. పైకప్పు ఎత్తు 8 అడుగులు.

అలారం మోగలేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవచ్చా? చిన్నపిల్లలు ఉన్న ఇల్లు కావడంతో ఈ ఆలోచన వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

మొదటి సమాధానం

మీరు చెప్పిన వాటిలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ కరిగిన ప్లాస్టిక్ కడియం. వాటర్ హీటర్ పొగ పైకి వెళ్లవలసినది పైకే వెళ్తుంటే ఆ కడియానికి వేడి తగిలే అవకాశమే లేదు. డ్రాఫ్ట్ హుడ్ (హీటర్ పైన, పొగ పైపు మొదట్లో గొడుగులా ఉండే లోహపు మూత) అంచుల కింది నుంచి వేడి పొగ ఎప్పుడో ఒకప్పుడు, బహుశా చాలాసార్లు, గదిలోకి పొర్లి వచ్చింది. ఇది అనుమానం కాదు, జరిగిందనడానికి ఆనవాలు. కాబట్టి టెక్నీషియన్ వచ్చి చూసే వరకు వాటర్ హీటర్‌కు గ్యాస్ ఆపి ఉంచండి. ఇబ్బందే, కానీ వేడినీళ్లు లేకుండా నాలుగు రోజులు గడపవచ్చు.

ఇలా ఎందుకవుతుందో చెబుతాను. ఫ్యాన్ సహాయం లేని గ్యాస్ పరికరాల నుంచి పొగ బయటికి వెళ్లేది వేడిగాలి తేలికగా ఉండి పైకి లేస్తుందనే ఒక్క కారణంతోనే. చిమ్నీ గోడలు వెచ్చబడితేనే ఆ లాగుడు నిలుస్తుంది. పాత ఫర్నేస్ ఉన్నప్పుడు దాని వేడి చిమ్నీని చలికాలమంతా వెచ్చగా ఉంచేది, వాటర్ హీటర్ ఆ వెచ్చదనం మీద ఆధారపడి బతికేది. ఇప్పుడు ఆ పెద్ద దిక్కు పోయింది. అంత పెద్ద ఇటుక చిమ్నీని, అందులోనూ బయటి చలికి ఒళ్లప్పగించి నిలబడ్డ చిమ్నీని, 40,000 బీటీయూల చిన్న మంట వెచ్చబెట్టలేదు. పొగ నెమ్మదించి, చల్లబడి, కొన్నిసార్లు వెనక్కి దిగుతుంది.

చల్లబడితే ఇంకొక అనర్థం కూడా ఉంది. సహజవాయువులో ముఖ్యభాగమైన మీథేన్ ఒక కిలో మండితే రెండు కిలోలకు పైగా నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. పొగ వేడి సుమారు 50 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి దిగేసరికి ఆ ఆవిరి చిమ్నీ లోపలి గోడల మీద నీరుగా మారడం మొదలుపెడుతుంది. ఆ నీటికి ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి అది సున్నాన్ని, ఇటుకను కొద్దికొద్దిగా తినేస్తుంది. మీ గోటికి రాలుతున్న తెల్లటి పొడి ఇటుకలోని లవణాలు ఆ తడితో కలిసి బయటికి వచ్చి ఎండిపోగా మిగిలినది కావచ్చు. వాన నీరు చిమ్నీలోకి దిగుతున్నా అలాంటి పొడే వస్తుంది కనుక పైన టోపీ సరిగా ఉన్నదో లేదో కూడా చూపించండి.

చిమ్నీ లోపలి కొలతలు తీసుకోగలరా? లోపలి వైశాల్యం డ్రాఫ్ట్ హుడ్ నోటి వైశాల్యానికి ఏడు రెట్లు దాటకూడదని అమెరికా నేషనల్ ఫ్యూయల్ గ్యాస్ కోడ్ చెబుతుంది. 3 అంగుళాల గుండ్రటి నోరు అంటే సుమారు 7 చదరపు అంగుళాలు, ఏడు రెట్లు వేస్తే 49 లేదా 50. బయటి గాలికి నిలబడ్డ ఇటుక చిమ్నీలకు నిబంధనలు ఇంకా కఠినంగా ఉంటాయి. గొట్టం పెద్దదైతే పొగ సులువుగా పోతుందని చాలామంది నమ్ముతారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజానికి పొగకు తగినంత ఇరుకుగా, వెచ్చగా ఉన్న గొట్టమే దాన్ని లాగుతుంది.

రెండో సమాధానం

పై వారు చిమ్నీ గురించి చెప్పినదంతా సరైనదే. నేను గది గురించి చెబుతాను, ఎందుకంటే మీ గోడ కట్టడమే ఈ పరిస్థితిని ఇంకా దిగజార్చిందని నాకు అనిపిస్తోంది.

మంటకు గాలి కావాలి. ఇంటి లోపలి గాలినే వాడుకునే పరికరానికి ప్రతి 1,000 బీటీయూలకు 50 ఘనపుటడుగుల చోటు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. మీ కొత్త ఫర్నేస్ తన గాలిని బయటి నుంచి పైపులో తెచ్చుకుంటోంది కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. వాటర్ హీటర్ ఒక్కదానికే 2,000 ఘనపుటడుగులు కావాలి, మీ గది 960 మాత్రమే. తలుపు మూసి ఉన్నంతసేపూ హీటర్‌కు చాలినంత గాలి అందడం లేదన్నమాట. ఆ గోడలో పైకప్పు నుంచి 12 అంగుళాల లోపు ఒకటి, నేల నుంచి 12 అంగుళాల లోపు ఒకటి, పక్కనున్న పెద్ద భాగంలోకి తెరుచుకునే రెండు కిటికీలు పెట్టించాలి. ఒక్కొక్కటి 100 చదరపు అంగుళాలకు తగ్గకూడదు. ఇక్కడ చాలామంది మోసపోతారు: జాలీ తలుపు పెట్టి దాని బయటి కొలతలు గుణించి సరిపోయిందనుకుంటారు. లోహపు పలకల జాలీలో గాలి దూరే చోటు మొత్తంలో 75 శాతంగానూ, చెక్క జాలీలో 25 శాతంగానూ మాత్రమే లెక్కించాలి. అంటే చెక్క జాలీ అయితే ఒక్కొక్కటి 400 చదరపు అంగుళాలు కావాలి.

రెండో సంగతి, ఫర్నేస్‌కు ఇంట్లోని గాలిని తిరిగి తెచ్చే రిటర్న్ డక్ట్. దాని అతుకులు వదులుగా ఉండి, అది ఆ చిన్న గదిలోనే ఉంటే, ఫర్నేస్ బ్లోయర్ (గాలిని ఇల్లంతా తోసే ఫ్యాన్) తిరిగినప్పుడల్లా గదిలోని గాలిని తనలోకి పీల్చుకుంటుంది. గదిలో ఒత్తిడి తగ్గినప్పుడు ఆ లోటును పూడ్చడానికి గాలి దొరికే దారి ఒక్కటే, చిమ్నీ. అప్పుడు పొగగొట్టం గాలి తెచ్చే గొట్టంగా మారిపోతుంది. అతుకులకు మాస్టిక్ అనే చిక్కటి లేపనం పూయించండి. మామూలు గుడ్డ టేపు వేడికి ఎండి ఊడిపోతుంది.

చిమ్నీకి లాగుడు ఉందో లేదో మీరే పరీక్షించుకోవచ్చు. గ్యాస్ వాసన ఏ కొంచెం వచ్చినా అక్కడ అగ్గిపుల్ల గీయవద్దు, బయటికి వచ్చి గ్యాస్ సంస్థకు ఫోన్ చేయండి. వాసన లేకపోతే ఇంటి తలుపులు, కిటికీలు మూసి, వంటగది, స్నానాల గది ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, బట్టల డ్రైయర్, ఫర్నేస్ బ్లోయర్ అన్నీ ఒకేసారి నడిపించండి. అప్పుడు హీటర్‌కు గ్యాస్ తెరిచి బర్నర్ వెలిగించి, ఐదు నిమిషాలు ఆగిన తర్వాత వెలిగించిన అగరుబత్తిని డ్రాఫ్ట్ హుడ్ అంచు దగ్గర చుట్టూ తిప్పి చూడండి. పొగ లోపలికి వంగి వెళ్తే లాగుడు ఉన్నట్టు. నిటారుగా నిలిచినా, మీ వైపుకు వచ్చినా వెంటనే హీటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, గదిలోంచి వచ్చేయండి. ఫ్యాన్లన్నీ ఆపి చేసిన పరీక్షకు విలువ లేదు. పరీక్ష అంతసేపూ ఇంకొక మనిషి మీతో ఉండాలి, ఒంటరిగా చేయకండి.

మూడో సమాధానం

అలారం గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. ఇళ్లలో పెట్టే అలారాలు పాటించే అమెరికా యూఎల్ 2034 ప్రమాణం ప్రకారం గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 70 పీపీఎం (పది లక్షల పాళ్లలో 70 పాళ్లు) ఉన్నప్పుడు అలారం 60 నుంచి 240 నిమిషాల మధ్య మోగితే చాలు, 150 పీపీఎం దగ్గర 10 నుంచి 50 నిమిషాల మధ్య మోగాలి. అంతకంటే తక్కువ మోతాదు గంటల తరబడి ఉన్నా అది నోరు విప్పకపోవచ్చు. అది ప్రాణం కాపాడే చివరి రక్షణే తప్ప చిమ్నీ బాగుందని ఇచ్చే ధ్రువపత్రం కాదు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. బేస్‌మెంట్‌లో ఉన్నప్పుడు తలనొప్పి, వికారం వచ్చి బయటికి వెళ్తే తగ్గిపోతున్నాయా అని ఇంట్లో అందరినీ అడగండి, ముఖ్యంగా పిల్లలను. పడక గదులు ఉన్న ప్రతి అంతస్తులోనూ ఒక అలారం పెట్టి, వెనక ముద్రించిన గడువు తేదీ చూడండి.

మీ కొత్త ఫర్నేస్ ప్లాస్టిక్ పైపులను కూడా వదిలేయకండి. మా ఇంట్లో అలాంటి పైపు ఆసరాలు దూరమై మధ్యలో ఒక బెత్తెడు కిందికి వంగింది. ఆ వంపులో నీరు నిలిచి, ఫర్నేస్ నడుస్తున్నంతసేపూ సీసాలోంచి నీళ్లు వంపినట్టు గుటగుటమనే చప్పుడు వచ్చేది. కొన్నాళ్లకు గొట్టం మూసుకుపోయి, రక్షణ కోసం ఉండే ప్రెషర్ స్విచ్ మంటను మాటిమాటికీ ఆపేయడం మొదలుపెట్టింది. చూడటానికి వచ్చిన ఒకతను ఆ స్విచ్‌ను వైరుతో కలిపేస్తే సరిపోతుందన్నాడు. ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఆ నిర్ణయానికి సంతోషిస్తాను. పొగ గొట్టం ప్రతి అడుగుకు పావు అంగుళం చొప్పున ఫర్నేస్ వైపుకే వాలి ఉండాలి, నీరు వెనక్కి వచ్చి డ్రెయిన్‌లోకి దిగాలి. గోడ బయట గొట్టం మూతి నేలకు, పేరుకునే మంచుకు కనీసం 12 అంగుళాల ఎత్తున ఉండాలి. కిటికీల నుంచి ఎంత దూరం అన్నది తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూసి కొలుచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మా అన్నయ్యను పక్కన పెట్టుకుని పరీక్ష చేశాను. గది తలుపు తీసి ఉంచినప్పుడు అగరుబత్తి పొగ నెమ్మదిగా, తడబడుతూ లోపలికే వెళ్లింది. తలుపు మూసి, డ్రైయర్, బ్లోయర్ తిరుగుతుండగా చూస్తే పొగ హుడ్ అంచు దగ్గర ఆగి, ఒక క్షణం అక్కడే తచ్చాడి, నా ముఖం వైపుకు తిరిగింది. చేతికి వేడిగాలి తగిలింది, తేమగా ఉంది. వెంటనే హీటర్ ఆపి, గ్యాస్ కట్టేసి, కిటికీలు తెరిచి బయటికి వచ్చేశాము. చిమ్నీ లోపలి కొలతలు 7 అంగుళాలు, 11 అంగుళాలు, అంటే 77 చదరపు అంగుళాలు. ఇంకొకటి కూడా కనిపించింది: పాత ఫర్నేస్ పైపు చిమ్నీలోకి దూరిన రంధ్రాన్ని ఇటుకతో పూడ్చకుండా వెండిరంగు టేపు అతికించి వదిలేశారు, ఆ టేపు సగం ఊడి వేలాడుతోంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఆ రంధ్రంలోంచి చల్లటి గాలి చిమ్నీలోకి చేరుతుంది, ఉన్న కాస్త లాగుడునూ అది చల్లార్చేస్తుంది. దాన్ని ఇటుక, సిమెంటుతో పూడ్పించాలి. 77 చదరపు అంగుళాల చిమ్నీని 50 చదరపు అంగుళాల హద్దులోకి తేవడానికి లోపల లోహపు లైనర్, అంటే ఇరుకైన గొట్టం, దించడం ఒక దారి, వాటర్ హీటర్‌ను ఫ్యాన్‌తో పక్క గోడలోంచి పొగ వదిలే రకానికి మార్చడం మరొక దారి. లైనర్ అయితే దాని వ్యాసాన్ని చిమ్నీ ఎత్తు, పక్కకు సాగే పైపు పొడవు, బీటీయూలు చూసి పట్టికలోంచి తీయాలి, కంటి అంచనాతో కాదు. ఆ లెక్క చేసి చూపించమని టెక్నీషియన్‌ను అడగండి. హుడ్ నుంచి చిమ్నీ వరకు ఉన్న పైపు అడుగుకు పావు అంగుళం చొప్పున పైకి ఎక్కుతూ పోవాలి, ప్రతి అతుకుకు స్క్రూలు ఉండాలి. ఒంటి పొర పైపు అయితే చెక్కకు 6 అంగుళాల దూరం ఉండాలి. కొత్త ఫర్నేస్ పొగను ఎప్పుడూ ఈ చిమ్నీలోకి కలపనివ్వకండి, అది ఒత్తిడితో తోసే పొగ, హీటర్ హుడ్‌లోంచి గదిలోకి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

పని పూర్తయింది. లైనర్ దించారు, పాత రంధ్రం పూడ్చారు, గది గోడలో పైనా కిందా లోహపు జాలీలు పెట్టారు, రిటర్న్ డక్ట్ అతుకులకు మాస్టిక్ పూశారు. పొగను కొలిచే యంత్రంతో టెక్నీషియన్ హుడ్ దగ్గర, గదిలో కొలిచి అంకెలు కాగితం మీద రాసి ఇచ్చారు. అన్ని ఫ్యాన్లు నడిపించి, గది తలుపు మూసి మళ్లీ అగరుబత్తి పట్టాను. పొగ దారం లాగినట్టు సన్నగా సాగి లోపలికి పోయింది. మూడు వారాల నుంచి కిటికీ అద్దం పొడిగా ఉంది.