హౌటన్‌లో ఏడాది పొడవునా వాతావరణం ఎలా ఉంటుంది?

ప్రశ్న (గుంటూరు నుంచి):
మా అబ్బాయికి అమెరికాలో మిషిగన్ టెక్ యూనివర్సిటీలో ఎం.ఎస్. సీటు వచ్చింది. ఆగస్టు చివర్లో ప్రయాణం. ఊరు హౌటన్, సుపీరియర్ సరస్సు వైపు అన్నాడు. కిటికీల దాకా మంచు పేరుకున్న వీడియో ఎవరో పంపారు. అది చూసినప్పటి నుంచి మా ఆవిడకు నిద్ర లేదు, స్వెటర్లు కొనడం మొదలుపెట్టింది. అక్కడ ఉన్నవాళ్ళు ఏ నెల ఎలా ఉంటుందో చెప్పగలరా?

జవాబు 1:
నమస్కారమండీ. మాది రెంటచింతల. వేసవిలో వార్తల్లో ఎండల లెక్కలు చెప్పేటప్పుడు వినిపించే ఊరే. అక్కడి నుంచి వెళ్ళి హౌటన్‌లో నాలుగు చలికాలాలు గడిపాను.

ముందు ఆ స్వెటర్లు ఆపించండి. ఇళ్ళలో, తరగతుల్లో హీటర్లుంటాయి, మామూలు చొక్కాతో తిరగవచ్చు. బయటికి కావలసింది గాలి చొరని కోటు, నీళ్ళు దూరని బూట్లు. రెండూ అక్కడే అక్టోబరులో కొనుక్కోమనండి.

జనవరిలో పగలు మైనస్ 5, రాత్రి మైనస్ 12 దగ్గర ఉంటుంది. అమెరికాలో ఇంతకంటే చలి ఊళ్ళున్నాయి. సరస్సు చలిని కొంత తగ్గిస్తుంది, ఆ బాకీ మంచు రూపంలో వసూలు చేస్తుంది. కెనడా వైపు నుంచి వచ్చే గాలి ఇంకా గడ్డకట్టని నీటి మీద తేమ ఎత్తుకుని, హౌటన్ ఉన్న కీవినా ద్వీపకల్పం గుట్టలెక్కేసరికి దించేస్తుంది. ఏడాదికి 200 అంగుళాలు మామూలే. 1978-79లో కీవినా కౌంటీలో 390 అంగుళాలు పడితే, ఆ లెక్క చూపే పెద్ద కొలబద్దను రోడ్డు పక్కన నిలబెట్టారు. అయితే అంతా ఒక్కసారిగా కాదు, మన ముసురులాగా రోజూ కాస్త కాస్త. రాత్రిళ్ళు బళ్ళు రోడ్లు ఊడుస్తాయి, అందుకే చలికాలంలో రాత్రి వీధిలో కారు ఆపనివ్వరు.

నన్ను కుంగదీసింది మబ్బు. నవంబరు నుంచి జనవరి దాకా ఎండ కనిపిస్తే ఫోటో తీసుకునేవాళ్ళం. డిసెంబరులో ఎనిమిదిన్నరకు తెల్లవారుతుంది, ఐదింటికే పొద్దు గుంకుతుంది. ఫిబ్రవరిలో వింటర్ కార్నివాల్ వచ్చాక ఊరికి ప్రాణం లేచివస్తుంది. పిల్లలు రాత్రంతా మేలుకుని మంచుతో బొమ్మలు కడతారు.

అసలు పరీక్ష ఏప్రిల్. ఉగాదికి వేపపువ్వు సంగతి దేవుడెరుగు, గడ్డిపరక కనిపించదు. ఇక అయిపోయిందని కోటు మడిచిపెట్టిన మర్నాడే మళ్ళీ కురుస్తుంది. నేను ఇంటికి ఫోను చేసి ఏడ్చింది ఒక్కసారే, అది ఏప్రిల్‌లోనే. రోహిణి కార్తెకు మన దగ్గర రోళ్ళు పగులుతాయి, అక్కడ చెట్లు అప్పుడే ఆకు తొడుగుతుంటాయి.

జులైలో 24 డిగ్రీలు, రాత్రి పదింటిదాకా వెలుతురు. అది స్వర్గం.

జవాబు 2:
వంతెన అవతల హాన్‌కాక్‌లో ఉండేదాన్ని. స్వర్గం అన్నవారు జూన్‌లో దోమలను, నల్ల ఈగలను మరిచిపోయినట్టున్నారు! మంచు కంటే వాటికే నేను భయపడ్డాను. సెప్టెంబరు చివర్లో మేపుల్ చెట్లు ఎర్రబడతాయి, ఆ పది రోజులూ బాబును గదిలో కూర్చోవద్దనండి. చలికాలంలో పెరుగు తోడుకోదు. ఓవెన్‌లో లైటు మాత్రం వేసి, గిన్నె లోపల పెట్టి తలుపు మూస్తే తెల్లారేసరికి గడ్డగా తోడుకుంటుంది.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అప్పటికే నాలుగు స్వెటర్లు కొన్నదట, ఒకటి నాకు సరిపోయింది. పెరుగు చిట్కా మాత్రం కాగితం మీద రాసుకుంది. రెంటచింతల వారూ, ఏప్రిల్‌లో వాడు ఫోను చేస్తే ఏమి చెప్పమంటారు?

జవాబు 1:
ఓదార్చకండి. మా నాన్నగారు "ఇక్కడ 43, పొద్దుటి నుంచి కరెంటు లేదు, నువ్వు అదృష్టవంతుడివిరా" అన్నారు. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది.