పెసలకు ఆముదం పట్టించాలంటే కిలోకు ఎంత?

పరకాల_పెసర:
వానకాలం పెసలు 50 కిలోలు ఉంచిన. అండ్ల 10 కిలోలు విత్తనానికి, మిగిలినయి ఇంట్ల తినడానికి. కొన్ని గింజల మీద తెల్లటి చుక్కలు కనబడ్తున్నయి, రంధ్రాలైతే ఇంకా లేవు. ఆముదం పట్టిస్తే ఆగుతదా? కిలోకు ఎంత? విత్తనానికి వేపనూనె మంచిదంటున్నరు, నిజమేనా?

కందిచేను:
ఆ చుక్కలు పుచ్చు పురుగు గుడ్లు. కాయ చేన్ల ఎండేటప్పుడే పెట్టడం షురువైతది. చుక్క మెరుస్తూ పారదర్శకంగా ఉంటే గుడ్డు ఇంకా పగలలేదు. సున్నం చుక్కలెక్క తెల్లగైతే పిల్లపురుగు గుడ్డు అడుగు నుంచి గింజలకు తొలుచుకొని పోయినట్టే. నూనె పని గుడ్డుకు గాలి ఆడకుండ చేయడం. లోపలికి పోయినదాన్ని అది చంపదు. అందుకే నూనె పట్టించినంక మూడు నాలుగు వారాలకు రంధ్రాలు పడితే ఆముదం కల్తీదని తిడ్తరు గని, లోపం పనులు చేసే వరుసల ఉన్నది.

ముందు ఎండ. నల్ల టార్పాలిన్ మీద గింజను పలుచగా పోసి, పైన ఆరుపారు కనబడే పారదర్శక పాలిథిన్ కప్పి అంచులకు రాళ్లు పెట్టు. గింజకు 57 డిగ్రీల వేడి గంటసేపు తగిలితే లోపలి పురుగు కూడా చస్తది. కప్పే ముందు గింజ ఎండి ఉండాలె, కొరికితే కటుక్కుమనాలె. పచ్చిదాన్ని కప్పితే ఉడుకుతది. సాయంత్రం నీడల ఆరబోసి, పూర్తిగ సల్లారినంకనే జల్లెడ పట్టు. వేడిమీద సంచిల పోస్తే చెమట పడ్తది, బూజు ఖాయం.

తినే పెసలకు కిలోకు 5 మి.లీ. ఆముదం, అంటే ఒక టీస్పూన్. 40 కిలోలకు 200 మి.లీ. ఆముదం చిక్కన, సీసాను కాసేపు ఎండల పెడితే పలుచబడ్తది. కుప్ప మీద ఒకేసారి గుమ్మరించకు. రెండు కిలోల గింజకు నూనంతా అరచేతులతో రుద్ది, దాన్ని మిగతా గింజల కలిపి తిరగెయ్యి. ప్రతి గింజ కొంచెం మెరవాలె.

విత్తన_గది:
విత్తనానికి వేపనూనె సరే. కిలోకు 5 మి.లీ., మీ 10 కిలోలకు 50 మి.లీ. చాలు. అంతకు మించి పోస్తే మొలక దెబ్బతినే ప్రమాదం ఉంది. తినేవాటికి మాత్రం వద్దు, చేదు పోదు. సంచి మీద గుర్తు వేయండి. తేమ 9 శాతానికి మించకూడదు, గాలి చొరబడని డబ్బాలో పెడితే 8. విత్తే ముందు 100 గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. ధ్రువీకరణ విత్తనానికి కనీస మొలక 75 శాతం. పాత గోనె సంచులైతే మరిగే నీళ్లలో ముంచి ఎండబెట్టాకే వాడండి, కుట్ల సందుల్లో పురుగు దాక్కుంటుంది.

మిల్లు_దారి:
పెసర చిన్న గింజ. కిలోకు కందుల కన్నా లెక్క ఎక్కువ, నూనె పట్టాల్సిన పైభాగం కూడా ఎక్కువే. కలపడం అటూ ఇటూ అయితే 5 మి.లీ. అందని గింజలు మిగుల్తయి. ఇంట్లో తినేవాటికి 7, 8 పోసినా నష్టం లేదు, వండే ముందు వేడినీళ్లతో కడిగితే సరి. మార్కెట్‌కు తోలే సరుకుకు మాత్రం నూనె పెట్టకండి, జిడ్డు చూసి ధర కోస్తరు.

పరకాల_పెసర:
సగం పప్పు పట్టిస్తే?

మిల్లు_దారి:
మేలే. పుచ్చు పురుగుకు నిండు గింజే కావాలె, పొట్టు తీసి చీల్చిన పప్పు మీద దాని సంతతి సరిగ పెరగదు. పిండి పురుగు మాత్రం వస్తది, కాబట్టి మూత గట్టిగున్న డబ్బాల పోయండి. నిండు గింజలను ప్రతి నెలా ఒకసారి తీసి చూడండి. మూడు నెలలకు నూనె గింజలోకి ఇంకిపోతది, మళ్ల పట్టించాలె.