హెచ్‌ఐవీ ఉన్నవారిలో మతిమరుపు: ఎంఆర్‌ఐలో ఏం చూడాలి?

ప్రశ్న: ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపు చేసే మందులు) మానకుండా వాడుతున్నారు, రక్తంలో వైరల్ లోడ్ (వైరస్ మోతాదు) దొరకనంత తక్కువ. అయినా 48 ఏళ్ల పేషెంటుకు మతిమరుపు, పనిలో మందకొడితనం. మామూలు ఎంఆర్‌ఐ చాలా, స్పెక్ట్రోస్కోపీ (మెదడులోని రసాయనాలను కొలిచే ఎంఆర్ స్కాన్) కూడా అడగాలా?

జవాబు 1: ముందు మామూలు ఎంఆర్‌ఐనే సరిగ్గా తీయించండి: 1 మి.మీ. త్రీడీ టీ1, ఫ్లెయిర్, డిఫ్యూజన్, ఎస్‌డబ్ల్యూఐ అనే చిత్రాల రకాలన్నీ ఉండాలి. సీడీ4 (రోగనిరోధక కణాల సంఖ్య) 200 లోపు ఉంటే కాంట్రాస్ట్ మందు ఎక్కించి కూడా తీయాలి. ఫ్లెయిర్‌లో తెల్లటి మార్పు రెండువైపులా ఒకేలా, వెంట్రికిల్స్ (మెదడులోని నీటి గదులు) చుట్టూ పరుచుకుని, కార్టెక్స్ (మెదడు పైపొర) కిందున్న యూ-ఫైబర్లను (వంపు తిరిగిన నరాల పోగులను) వదిలేస్తే హెచ్‌ఐవీ ఎన్‌సెఫలోపతి (హెచ్‌ఐవీ వల్లే మెదడు దెబ్బతినడం) వైపు మొగ్గాలి. ఒకపక్క ఎక్కువగా, యూ-ఫైబర్ల దాకా పాకి, టీ1లో నల్లగా ఉంటే పీఎంఎల్ (జేసీ వైరస్ వల్ల వచ్చే మెదడు జబ్బు) అనుమానించి, వెన్నునీటిలో ఆ వైరస్ జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష చేయించాలి. ఈ తేడా దగ్గర తొందరపడొద్దు, చికిత్స దారే మారిపోతుంది.

జవాబు 2: స్పెక్ట్రోస్కోపీ తీస్తే టీఈ (సిగ్నల్ అందుకునే ముందు ఆగే సమయం) 30-35 మిల్లీసెకన్లు పెట్టండి. 144 దగ్గర మయో-ఇనోసిటాల్ అనే రసాయనం దాదాపు కనిపించదు. గ్లియా కణాల (న్యూరాన్లకు ఆసరాగా ఉండే కణాల) స్పందనను చూపేది అదే. ఎన్‌ఏఏ (న్యూరాన్లలో ఉండే రసాయనం) తగ్గితే న్యూరాన్లు దెబ్బతిన్నట్టు. ఫ్రంటల్ వైట్ మ్యాటర్‌లో 2 సెం.మీ. వాక్సెల్ (కొలిచే పెట్టె లాంటి భాగం) చాలు. పుర్రెకు ఆనుకుంటే కొవ్వు సిగ్నల్ చొరబడుతుంది, వెంట్రికిల్‌లోకి జారితే విలువలన్నీ తగ్గిపోతాయి.

జవాబు 3: స్కాన్ బాగున్నంత మాత్రాన సమస్య లేదనకండి. న్యూరోసైకాలజీ పరీక్షలు లేకుండా నిర్ధారణ లేదు. ఐహెచ్‌డీఎస్‌లో (హెచ్‌ఐవీ మతిమరుపును తొలిగా పట్టే చిన్న పరీక్ష) 12కి 10 లేదా తక్కువ వస్తే పూర్తి పరీక్షలకు పంపాలి. బీ12, థైరాయిడ్, సిఫిలిస్, డిప్రెషన్ చూశారా? మెదడుపై ప్రభావం చూపగల ఎఫావిరెంజ్ అనే ఏఆర్‌టీ మందు వాడుతున్నారా? రక్తంలో వైరస్ అదుపులో ఉన్నా వెన్నునీటిలో పెరగొచ్చు, అక్కడి వైరల్ లోడ్ కూడా చూడండి.